బాలిలో అమ్మతో ఎనిమిది రోజులు

రోజుకు నాలుగు చోట్లు చూడాలని ప్లాన్ రాసుకుని బాలిలో దిగాం. మూడో రోజుకే ఆ కాగితం పక్కన పెట్టేశాం. ఈ ప్రయాణం మాకు ఇంతగా నచ్చడానికి కారణం అదే.

మొదటి రెండు రాత్రులు కూటా వైపు ఒక హోటల్లో ఉన్నాం. ఫొటోలు చూసి బుక్ చేశాను. కిటికీ పక్కనే బిల్డింగ్ పని, పొద్దున ఏడింటికే డ్రిల్లింగ్ మొదలు. గది మార్చమంటే రేపన్నారు, ఆ రేపు రాలేదు. రోడ్డు దాటడానికే అమ్మ భయపడింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి కూటా వద్దు అనే చెబుతాను.

సానూర్‌కి మారాక ప్రాణం లేచొచ్చింది. అది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచే పైకొస్తాడు. లోపల పగడపు దిబ్బ అలల్ని ఆపేస్తుంది కాబట్టి ఒడ్డున నీళ్లు చెరువులా ఉంటాయి. తీరం వెంబడి కిలోమీటర్ల కొద్దీ నడకదారి. మబ్బు లేని పొద్దున అగుంగ్ కొండ కనిపించింది. అక్కడ రెండు రోజులు నడవడం, కొబ్బరినీళ్లు తాగడం, నిద్రపోవడం, అంతే.

తర్వాత ఉబుద్‌లో ఒక ఇంటివాళ్ల హోమ్‌స్టే. ఏసీ పాతది, వేడినీళ్లు ఆలస్యంగా వచ్చేవి. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. రోజూ పొద్దున ఆ ఇంటావిడ గడప దగ్గర చనంగ్ అనే నైవేద్యం పెట్టేది. కొబ్బరి లేతాకుతో అల్లిన అరచేయంత బుట్ట, అందులో రంగురంగుల పూలు, పైన ఒక అగరొత్తి. పువ్వుతో నీళ్లు చిలకరించి, పొగను చేత్తో మెల్లగా ముందుకు తోసేది. అమ్మ రెండో రోజే ఆవిడ పక్కన చేరింది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు, ఆకు మడవడం మాత్రం చేతులతోనే నేర్పేసింది.

గుడుల్లో నా ఓటు గునుంగ్ కావికే. పకెరిసాన్ నది లోయలో, కొండరాతిలో తొలిచిన 11వ శతాబ్దపు స్మారకాలు, ఒక్కోటీ దాదాపు ఏడు మీటర్ల ఎత్తు. మెట్లు మాత్రం మూడు వందల దాకా ఉన్నాయి. మోకాళ్ల నొప్పి వల్ల అమ్మ పైనే టీకొట్టు దగ్గర కూర్చుంది. దగ్గర్లోనే ఉన్న తీర్థ ఎంపుల్‌కి ఆ ఇబ్బంది లేదు. క్రీ.శ. 962 నాటి ఊటనీటి కోనేరు అది. వరసగా ధారల కింద తల పెట్టాలి, చనిపోయినవారి కర్మలకు ఉద్దేశించిన రెండింటిని మాత్రం వదిలేయాలి. పదింటికల్లా జనం నిండిపోతారు, ఎనిమిదింటికే వెళ్లండి.

ఉలువాతు గుడి దగ్గర సాయంత్రం కెచక్ నృత్యం చూశాం. వాద్యాలేవీ లేవు. నలుపు తెలుపు గళ్ల పంచెలు కట్టిన పదుల మంది మగవాళ్లు ‘చక్ చక్’ అంటూ గొంతులతోనే తాళం వేస్తారు. ఈ రూపం 1930లలో వచ్చింది, కథ మన రామాయణమే. కొబ్బరి పీచు మంటల మధ్య హనుమంతుడు దూకుతుంటే అమ్మ చేతులు జోడించింది. అక్కడి కోతులు కళ్లద్దాలు లాక్కుంటాయి, లోపలికి వెళ్లేముందే తీసి దాచుకోండి.

తిండికి శాకాహారం అంటే సరిపోదు, చట్నీల్లో కూడా రొయ్యల ముద్ద పడుతుంది. ‘తన్‌పా దాగింగ్, తన్‌పా ఇకాన్, తన్‌పా తెరాసి’ అని చెప్పండి. మాంసం, చేప, రొయ్యల ముద్ద వద్దని అర్థం. టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద), గాడో గాడో (వేరుశనగ సాస్ కలిపిన కూరగాయలు) అమ్మకు నచ్చాయి. మేం దిగినప్పుడు వీసా 5 లక్షల ఇండోనేషియా రుపియా, పర్యాటక రుసుము 1.5 లక్షలు. కారు, డ్రైవర్ రోజు మొత్తానికి మాట్లాడుకుంటే మేలు. మా డ్రైవర్ ఎక్కడా దుకాణాల వైపు తిప్పలేదు.

బయల్దేరే రోజు అమ్మ సొంతంగా ఒక చనంగ్ అల్లింది. ఒక మూల వంకర పోయింది. ఇంటావిడ దాన్ని సరిచేయకుండా, తన బుట్టల వరసలో ముందుకు పెట్టి అగరొత్తి వెలిగించింది.