మానిటర్ కొన్నారు సరే, కేబుల్ ఏది?

"బావా, కొత్త మానిటర్‌లో మౌస్ జీడిపాకంలా సాగుతోంది. మానిటరే పాడైందంటావా?"

పోయిన నెల మా బావమరిది ఫోన్ ఇది. 27 అంగుళాల 4కె మానిటర్, ముచ్చటపడి కొనుక్కున్నాడు. వీడియో కాల్‌లో విండోస్ సెట్టింగ్స్ తెరిపించి, డిస్‌ప్లేలో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దగ్గరికి తీసుకెళ్లాను. రిఫ్రెష్ రేట్ 30 హెర్ట్జ్ అని చూపిస్తోంది. సెకనుకు 60 సార్లు మారాల్సిన తెర 30 సార్లే మారుతోందన్నమాట. మానిటర్‌కి ఏ రోగమూ లేదు. అతని లాప్‌టాప్‌లో ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు పాత 1.4 రకం. దానికి 4కెలో 30 హెర్ట్జ్‌కి మించి ఓపిక లేదు. అదే లాప్‌టాప్‌కి రెండో పక్క టైప్-సి పోర్టు ఉంది. దాన్ని ఫోన్ చార్జింగ్‌కి తప్ప ఎప్పుడూ వాడలేదట. టైప్-సి నుంచి మానిటర్‌లోని డిస్‌ప్లేపోర్ట్ అనే పోర్టుకి వెళ్లే కేబుల్ తెప్పించుకోమన్నాను. అది పెట్టగానే 60 వచ్చింది.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు పెరిగినప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: హెచ్‌డీఎమ్‌ఐ మేలా, డిస్‌ప్లేపోర్టా, టైప్-సినా? అందరూ కేబుల్ గురించే అడుగుతారు. నేను మాత్రం ముందు పోర్టు సంగతి చెప్పమంటాను. కంప్యూటర్ పోర్టు, కేబుల్, మానిటర్ పోర్టు, ఈ మూడింటిలో ఏది బలహీనమైతే బొమ్మ ఆ స్థాయిలోనే ఆగిపోతుంది. హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టుకి రెండు వేల రూపాయల కేబుల్ తగిలించినా 30 హెర్ట్జే. బంగారు పూత ఉన్నంత మాత్రాన బొమ్మ మెరుగవదు. డిజిటల్ సిగ్నల్ సరిగ్గా చేరితే చేరుతుంది, లేకపోతే తెర మిణుకుమంటుంది, మధ్యమధ్యలో నల్లబడుతుంది.

నేను రోజంతా తెలుగు అక్షరాలు చూసే పనిలో ఉన్నాను. అందుకే నాకు అన్నిటికంటే ముఖ్యం అక్షరం శుభ్రంగా కనబడటం. 4కె 60 హెర్ట్జ్ పూర్తి రంగులతో రావాలంటే సెకనుకు పన్నెండున్నర గిగాబిట్ల పైచిలుకు సమాచారం వెళ్లాలి. దారి ఇరుకైతే కొన్ని పరికరాలు రంగుల్లో కోత పెడతాయి. వెలుగునీడలు తెర మీది చుక్కచుక్కకీ (పిక్సెల్‌కీ) పంపి, రంగు మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే పంపుతాయి. సినిమా చూస్తుంటే ఇది తెలియదు. అక్షరాల దగ్గర మాత్రం దొరికిపోతుంది. బూడిదరంగు పేజీ మీద ఎర్ర రంగులో, చిన్న సైజులో 'స్త్రీ', 'రాష్ట్రం' అని టైప్ చేసి చూడండి. కింద ఒత్తులు, క్రావడి అంచులు చెదిరి, ఎరుపు పక్కకి కారినట్టుంటే రంగు కోత పడుతున్నట్టే. ఇంగ్లిష్ అక్షరాలకంటే మనవాటికి ఈ దెబ్బ ఎక్కువ. సన్నటి వంపులు మనవాటిలోనే కదా ఎక్కువ. ఇలాంటి తెర ముందు ఎనిమిది గంటలు కూర్చుంటే కళ్లు లాగేస్తాయి. మనం కళ్లద్దాల నంబర్ మారిందేమో అనుకుంటాం.

ఈ లెక్కన చూస్తే డెస్క్‌టాప్‌కి నా ఓటు డిస్‌ప్లేపోర్ట్‌కే. 2010లో వచ్చిన 1.2 రకమే 4కె 60ని ఇబ్బంది లేకుండా మోస్తుంది. 2016 నాటి డిస్‌ప్లేపోర్ట్ 1.4 (హెచ్‌డీఎమ్‌ఐ 1.4 వేరు, ఇది వేరు) అయితే 4కె 120 హెర్ట్జ్ వరకూ వెళ్తుంది. అంటే కాస్త పాత గ్రాఫిక్స్ కార్డులోనైనా ఈ పోర్టు ఉంటే ఆఫీసు పనికి భయం లేదు. మానిటర్‌లో సౌకర్యం ఉంటే ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా రెండు మానిటర్లు కలుపుకోవచ్చు. మ్యాక్ వాడేవాళ్లు మాత్రం దీని మీద ఆశ పెట్టుకోవద్దు. మ్యాక్ ఓఎస్ ఈ పద్ధతిలో రెండు మానిటర్ల మీద వేర్వేరు తెరలు చూపించదు.

దీనికీ లోపాలున్నాయి. మానిటర్ ఆపేస్తే చాలా మోడళ్లలో కంప్యూటర్ దాన్ని పీకేసినట్టే లెక్కేస్తుంది. మళ్లీ ఆన్ చేసేసరికి తెరిచి ఉంచిన విండోలు ఇంకో తెర మీదికి వెళ్లిపోతాయి. విండోస్ 11లో వాటి చోటు గుర్తుపెట్టుకునే సెట్టింగ్ వచ్చాక నాకు ఆ చిరాకు తగ్గింది. రెండోది నాసిరకం కేబుళ్ల గొడవ. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌లో ఇరవయ్యో పిన్ రెండు కొసల మధ్య కలిసి ఉండకూడదు. కొన్ని చవకరకం కేబుళ్లలో కలిపేస్తారు. అప్పుడు మానిటర్ నుంచి కరెంటు వెనక్కి కంప్యూటర్‌లోకి పారుతుంది, కంప్యూటర్ సరిగ్గా ఆన్ అవదు. నా పాత పీసీకి ఇదే వచ్చింది. పవర్ సప్లై పోయిందని టెన్షన్ పడి, రిపేర్‌కి మోసుకెళ్లబోతూ చివరి ప్రయత్నంగా కేబుల్ పీకి చూశాను. వెంటనే ఆన్ అయింది. అప్పటి నుంచీ వీసా ధ్రువీకరణ ఉన్న కేబులే కొంటున్నాను. ఈ 'వీసా' అంటే ప్రయాణాల వీసా కాదు, డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ.

హెచ్‌డీఎమ్‌ఐని తక్కువ చేయడం లేదు. టీవీనే మానిటర్‌గా వాడేవాళ్లకు దాదాపుగా వేరే దారి లేదు, టీవీల్లో డిస్‌ప్లేపోర్ట్ చాలా అరుదు. రెండు వైపులా 2.0 పోర్టు ఉంటే 4కె 60 పూర్తి రంగులతో వచ్చేస్తుంది. టీవీ అయితే మెనూలో ఆ ఇన్‌పుట్‌ని పీసీగా మార్చండి. రంగు కోత చాలావరకు అక్కడే పోతుంది. కొనేటప్పుడు కేబుల్ మీద 2.0, 2.1 అన్న అంకెలు నమ్మొద్దు. వెర్షన్ పోర్టుకే గానీ కేబుల్‌కి ఉండదు. చూడాల్సింది పెట్టె మీది పేరు: ప్రీమియం హై స్పీడ్ అంటే సెకనుకు 18 గిగాబిట్లు, అల్ట్రా హై స్పీడ్ అంటే 48. ఈ రెండు రకాల పెట్టెల మీదా ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ ఉంటుంది. మానిటర్ మీద 2.1 అని రాసి ఉన్నా సంబరపడకుండా, 4కెలో ఎన్ని హెర్ట్జ్ వస్తుందో స్పెసిఫికేషన్‌లో చూడండి. 2.0 వేగమే ఉన్న పోర్టుకి కూడా ఆ పేరు పెట్టుకోనిస్తున్నారు.

లాప్‌టాప్ వాళ్లకు టైప్-సిని మించిన సుఖం లేదు. మానిటర్‌లోనూ తగిన టైప్-సి పోర్టు ఉంటే ఒకే తీగలో బొమ్మ, చార్జింగ్, కీబోర్డు, మౌస్ అన్నీ వచ్చేస్తాయి. కానీ ఎక్కువమంది బోల్తా పడేదీ ఇక్కడే. మూతి ఒకేలా ఉన్నంత మాత్రాన అన్ని టైప్-సి పోర్టులూ బొమ్మను పంపవు. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ (టైప్-సి మూతితోనే ఉండే వేగమైన పోర్టు) మెరుపు గుర్తో ఉందేమో చూడండి. గుర్తు లేకపోతే మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో వెతకండి. ఫోన్‌తో వచ్చే కేబుళ్లు చాలావరకు చార్జింగ్‌కే, వాటిలో వీడియో తీగలే ఉండవు.

మానిటర్‌లో టైప్-సి లేకపోతే? టైప్-సి నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి వెళ్లే కేబుల్ కంటే డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లేదే నేను కొంటాను. టైప్-సిలోంచి వచ్చేది అసలు డిస్‌ప్లేపోర్ట్ సిగ్నలే. దాన్ని హెచ్‌డీఎమ్‌ఐగా మార్చడానికి కేబుల్ లోపల చిన్న చిప్ పెట్టాలి. చవకవాటిలో ఆ చిప్ 4కె 30 దగ్గరే ఆగిపోతుంది. నాలుగైదు పోర్టులుండే హబ్బులతోనూ ఇదే చిక్కు. వీడియోకి ఉన్న నాలుగు దారుల్లో రెండింటిని యూఎస్‌బీకి ఇచ్చేస్తాయి. లాప్‌టాప్ డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంతోనే పంపుతుంటే మిగిలిన రెండు దారుల్లో ఎనిమిదిన్నర గిగాబిట్లే పడతాయి, 4కె 60కి అవి చాలవు. పెట్టె మీద '4కె సపోర్ట్' అని పెద్ద అక్షరాలు, పక్కన 30 హెర్ట్జ్ అని చిన్న అక్షరాలు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా "4కె వస్తుందా" అని అడగకండి. "4కెలో 60 హెర్ట్జ్ వస్తుందా" అని అడగండి.

ఇక పాత పోర్టుల సంగతి. వీజీఏ 1987 నాటిది, అనలాగ్. పాత ప్రొజెక్టర్ కోసమైతే ఉంచుకోండి. డీవీఐ మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కి ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. ఉన్నదాన్ని పారేయక్కర్లేదు, కొత్తగా కొనక్కర్లేదు.

ఏ కేబుల్ కొన్నా పొడవు రెండు మీటర్లు దాటకుండా చూసుకోండి. సీలింగ్ ప్రొజెక్టర్‌కి పది, పదిహేను మీటర్లు కావాలంటే ఆప్టికల్ హెచ్‌డీఎమ్‌ఐ (సిగ్నల్‌ని కాంతి రూపంలో పంపే కేబుల్) తీసుకోండి. దానికి దిశ ఉంటుంది, సోర్స్ అని రాసిన కొస కంప్యూటర్ వైపు రావాలి. గోడలో పైపు లోంచి లాగకముందే ఒకసారి కింద పెట్టి, బొమ్మ వస్తోందో లేదో చూసుకోండి.