ట్యాబ్‌లతో మెకానిక్స్ క్లాసు: కొన్నేళ్లు వాడాక

గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు మెకానిక్స్ చెబుతాను. పెన్నుతో రాసే ట్యాబ్‌లు ఇద్దరికొకటి చొప్పున మా డిపార్ట్‌మెంటుకు వచ్చి కొన్నేళ్లయింది. కొనాలా వద్దా అని తెలిసిన లెక్చరర్లు అడుగుతుంటారు. ముందుగా అడిగేది ఏ కంపెనీవి అని. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న.

నిచ్చెన లెక్క తెలుసుగా. నున్నటి గోడకు ఆనించిన నిచ్చెన, గరుకు నేల, మధ్య మెట్టు మీద ఒక మనిషి. బోర్డు మీద ఎఫ్‌బీడీ (ఫ్రీ బాడీ డయాగ్రమ్, అంటే వస్తువును విడిగా గీసి దానిమీద పనిచేసే బలాలన్నీ బాణాలతో చూపే బొమ్మ) గీసి "అర్థమైందా?" అంటే క్లాసంతా "అర్థమైంది మేడమ్" అంటుంది. అదే బొమ్మ మీరు ట్యాబ్ మీద గీసి పంపండి అంటే అసలు సంగతి బయటపడుతుంది. గోడ దగ్గర రియాక్షన్, అంటే గోడ నిచ్చెనను తిరిగి నెట్టే బలం, అడ్డంగా, గోడకు లంబంగా ఉండాలి. కొందరు దాన్ని నిచ్చెన వెంబడి గీస్తారు. నేల దగ్గర ఫ్రిక్షన్ బాణం ఇంకా ఘోరం. నిచ్చెన కాలు బయటికి జారబోతుంది కాబట్టి ఫ్రిక్షన్ గోడవైపు ఉండాలి. నోటితో అడిగితే ఈ మాట గడగడా చెప్పేస్తారు, గీసేటప్పుడు చెయ్యి మాత్రం జారే దిక్కుకే పోతుంది. ఇదివరకు ఈ తప్పు మిడ్ పేపర్లు దిద్దేటప్పుడు కనిపించేది. అప్పటికి సిలబస్ ఎక్కడికో వెళ్లిపోయి ఉండేది. ఇప్పుడు అదే గంటలో, పిల్లలు గీస్తుండగానే నా స్క్రీన్ మీద కనిపిస్తోంది.

వచ్చినవాటిలో ఓ నాలుగు బొమ్మలు పేర్లు లేకుండా ప్రొజెక్టర్ మీద వేస్తాను. వీటిలో ఏ నిచ్చెన పడిపోతుంది అంటే చాలు, గొడవ మొదలు. ఇంటర్ రెండేళ్లూ నోరెత్తకుండా బిట్లు బట్టీ పట్టి వచ్చిన పిల్లలు వీళ్లు. పేరు కనపడదంటేనే ధైర్యం చేస్తారు.

ఆలోచన కొత్తదేం కాదు. ట్యాబ్లెట్ పీసీల కోసం మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీలో ప్రత్యేకంగా ఒక ఎడిషన్ విడుదల చేసింది 2002లోనే. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు క్లాస్‌రూమ్ ప్రెజెంటర్ అనే సాఫ్ట్‌వేర్‌తో పిల్లలు పెన్నుతో రాసింది టీచరుకు పంపే ఏర్పాటు చేశారు. మేం చేస్తున్నదీ అదే, తక్కువ ఖర్చులో.

ఇక తలనొప్పులు. మొదటిది వైఫై. ఇంట్లో పెట్టుకునే రౌటర్ తెచ్చి గోడకు తగిలించి చేతులు దులుపుకున్నారు. "పంపండి" అనగానే అన్ని ట్యాబ్‌లూ ఒకేసారి పంపితే ఎక్కడివక్కడ ఆగిపోయేవి. మామూలు వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. పక్క క్లాసుల రౌటర్లు, పిల్లల జేబుల్లోని హాట్‌స్పాట్లు అన్నీ వాటిమీదే. గదికే ప్రత్యేకంగా 5 గిగాహెర్ట్జ్ యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) పెట్టించి, పాత ల్యాప్‌టాప్‌నే సర్వర్‌గా చేశాక కుదుటపడింది. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఉంటే యూట్యూబే, మళ్లీ వాళ్లను లాక్కురావడం మన పని. కరెంటు పోయినా ట్యాబ్‌లు నడుస్తాయి కానీ యాక్సెస్ పాయింట్ నడవదు. దానికో చిన్న యూపీఎస్ తప్పదు.

రెండోది బ్యాటరీలు. ఎండాకాలం సెలవుల్లో ఫుల్ ఛార్జింగ్‌తో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. గుంటూరు ఎండలకు ఆ గది పొయ్యే. తెరిచేసరికి రెండు ట్యాబ్‌ల వెనక మూత ఉబ్బి ఉంది. ఇప్పుడు సగం ఛార్జింగ్‌తో, కాస్త చల్లగా ఉండే గదిలో పెడుతున్నాం. ఛార్జింగ్ పెట్టే డ్యూటీ ల్యాబ్ అసిస్టెంట్‌ది. ఆయన సెలవు పెట్టిన రోజు మనకూ సెలవే.

"ఎగ్జామ్ పేపర్ మీదే కదా మేడమ్, ఇదెందుకు?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. న్యాయమే. సెమిస్టర్ పరీక్షలో స్కేలు, పెన్సిల్‌తో గీయాల్సిందే. అందుకే బొమ్మ తేలేదాకే ట్యాబ్, లెక్క మొత్తం నోటుబుక్కులోనే. మార్కులు పెరిగాయా అంటే, దీనివల్లే అని గుండెమీద చెయ్యేసుకుని చెప్పలేను. ఎఫ్‌బీడీ తప్పు గీసి రెండు పేజీల లెక్క చేసే వాళ్లు మాత్రం తగ్గారు.

మెకానిక్స్, సర్క్యూట్లు, మ్యాథ్స్ లాంటివి చెప్పేవాళ్లయితే కొనండి. ప్రోగ్రామింగ్‌కు వద్దు, దానికి కీబోర్డే దిక్కు. కాలేజీ మొత్తానికి ఒకేసారి కూడా వద్దు, ఒక గదికి చాలు. కొనే ముందు చెయ్యి స్క్రీన్ మీద ఆనించి రాసి చూడండి. చవక మోడళ్లలో అరచెయ్యి తగిలినచోటల్లా గీతలు పడతాయి, చెమట పడితే ఇక చెప్పక్కర్లేదు. బ్యాటరీ లేకుండా పనిచేసే పెన్ను ఉన్నవి మేలు, పెన్నుకు విడిగా ఛార్జింగ్ గోల ఉండదు. విడి నిబ్బులు బిల్లులోనే రాయించుకోండి. మేం తర్వాత అడిగితే షాపువాడు కొత్త పెన్నే కొనమన్నాడు.