పాత బుల్లెట్‌కు త్రీ యాంగిల్ సీటు కటింగ్: నాలుగేళ్లు, 31 వేల కిలోమీటర్ల తర్వాత

మా నాయన 1996లో కొన్న బుల్లెట్ 350 ఇప్పుడు నేను నడుపుతున్నాను. దాని వాల్వు సీట్లను, అంటే ఇంజిన్ వాల్వులు మూసుకునేటప్పుడు ఆనే రింగులను, మూడు కోణాల్లో కోయించాను. ఆ కథే ఇది. కాస్ట్ ఐరన్ బోరు, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. కడపలో ఆఫీసుకు రోజూ దీని మీదే పోతాను, నెలకు రెండు మూడు సార్లు రాయచోటికి కూడా. ఆ దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది కదా, ఇంజిన్ ఎట్లా ఉందో నాకు అదే చెప్తుంది. వేరే మీటర్లు అక్కర్లేదు.

2019లో ఆ ఘాట్ ఎక్కాలంటే ఏడుపొచ్చేది. థర్డ్‌లో లాగలేక ప్రతి మలుపులో సెకండ్‌కు దించాల్సిందే. యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమని పేలేది. ఒకప్పుడు ఆంపియర్ మీటర్ ముల్లు చూసుకుని కిక్ మీద నిలబడితే నా బరువును కాసేపు మోసేది. అప్పటికి మాత్రం కాలు పెట్టగానే మెత్తగా కిందికి జారిపోతోంది, లోపలి గాలిని వాల్వులు ఆపడం లేదన్నమాట. ఒక గ్యారేజీలో హెడ్డు (ఇంజిన్ పైభాగం) దించి, వాల్వులకు (గాలిని లోపలికి, పొగను బయటికి వదిలే మూతలు) గరుకు పేస్టు రాసి సీట్ల మీద రుద్ది, మళ్లీ బిగించి ఇచ్చారు. ఆరువందలు తీసుకున్నారు. కొన్నాళ్లు బండి హుషారుగా తిరిగింది. ఐదారు వేల కిలోమీటర్లకు కథ మళ్లీ మొదటికొచ్చింది.

తప్పు పేస్టుది కాదని తర్వాత తెలిసింది. వాల్వు కాడ ఆడే గైడు అరిగిపోయింది. వాల్వును కొంచెం పైకి లేపి తలను కదిలిస్తే లొడలొడలాడుతోంది. గైడు వదులైతే వాల్వు ప్రతిసారీ ఒకే చోట కూర్చోదు, సీటును కొట్టి కొట్టి కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది. అట్లాంటి సీటు మీద పేస్టు ఎంత రుద్దినా గుండ్రం రాదు. పైగా రుద్దినకొద్దీ వాల్వు ఆనే పట్టీ వెడల్పవుతుంది. నా బండిలో అది దాదాపు 3 మిల్లీమీటర్లకు వచ్చేసింది. 1 నుంచి ఒకటిన్నర ఉండాల్సిన చోట అంత వెడల్పుంటే స్ప్రింగు బలం పట్టీ మొత్తం మీద చెదిరిపోతుంది, ఒత్తి మూసే పట్టు పోతుంది.

2021 చివర్లో హెడ్డును చేతిలో పట్టుకుని ఒక లేత్ షాపుకు పోయాను. అప్పటికి రాత్రుళ్లు వీడియోలు చూసీ చూసీ బుర్ర వేడెక్కి ఉంది. సీటును ఐదు కోణాల్లో కోసే ఫైవ్ యాంగిల్ కొట్టించాలి, పోర్టు (హెడ్డులో గాలి పోయే దారి) నున్నగా అద్దంలా చేయించాలి అని లిస్టు చదివాను. షాపు భాయ్ అంతా విని, "ఏమన్నా, రేసుకు పోతావా, రాయచోటికి పోతావా?" అన్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. గాలి పోర్టులో నుంచి దూసుకొచ్చి వాల్వు అంచు దగ్గర ఒక్కసారిగా పక్కకు తిరగాలి. అక్కడ పదునైన మూల ఉంటే గాలి గోడను వదిలేసి సుడి తిరుగుతుంది, రంధ్రం ఎంత పెద్దదైనా అందులో కొంత భాగం వృథా. అందుకని వాల్వు ఆనే 45 డిగ్రీల పట్టీకి కింద, పోర్టు వైపు, 60 డిగ్రీలు. పైన, పెట్రోల్ మండే ఛాంబర్ వైపు, 30 డిగ్రీలు. ఇదే త్రీ యాంగిల్, మలుపు మూడు మెట్లుగా విడిపోతుంది. పైదీ కిందదీ కోస్తేనే మధ్య పట్టీ సన్నబడుతుంది, వాల్వు ముఖం మీద సరైన చోటికి జరుగుతుంది కూడా. వాల్వు కొంచెమే తెరుచుకుని ఉన్నప్పుడు లాభం ఎక్కువ, ఎందుకంటే అప్పుడు గాలికి అడ్డం ఆ సన్నని సందే. ప్రతి వాల్వూ తెరుచుకునేటప్పుడు ఒకసారి, మూసుకునేటప్పుడు ఒకసారి ఆ స్థితి దాటాలి.

ఫైవ్ యాంగిల్ అంటే వీటికి 15, 75 డిగ్రీల అంచులు కలుస్తాయి. మలుపు ఇంకా నునుపవుతుంది, నిజమే. కానీ ఐదు కోణాలూ ఒకే కేంద్రానికి రావాలంటే చేతి కటర్లతో కష్టం, ఒకే బ్లేడుతో మొత్తం ఆకారం కోసే మెషీన్ ఉండాలి. భాయ్ దగ్గర అది లేదు, లేదని దాచలేదు కూడా. నా బండి కామ్ (వాల్వులను తెరిపించే భాగం), కార్బురేటర్ కంపెనీవే కాబట్టి తేడా నాకు తెలియదని కూడా అన్నాడు. అప్పుడు కొంచెం చిన్నబుచ్చుకున్నాను గానీ, ఇప్పుడైతే ఆయన మాటే కరెక్టంటాను.

ముందు హెడ్డు వేడి చేసి కొత్త గైడ్లు ఎక్కించాడు, రీమర్ తిప్పి సైజుకు తెచ్చాడు. కటర్ నిలబడే పైలట్ రాడ్ గైడులోనే కూర్చుంటుంది కాబట్టి గైడు వంకరైతే సీటు కూడా వంకరే. వాల్వులు రెండూ కొత్తవి. ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే వైపు) పట్టీ ఒక మిల్లీమీటర్ పైచిలుకు, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే వైపు) ఒకటిన్నర. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా సీటు ద్వారానే హెడ్డుకు వదులుతుంది, దాన్ని మరీ సన్నం చేస్తే మన కడప ఎండలో కాలిపోతుంది. వాల్వు ముఖం మీద పెన్సిల్ గీతలు గీసి, కూర్చోబెట్టి పావు చుట్టు తిప్పి తీస్తే గీతలన్నీ ఒకే వరుసలో చెరిగాయి, వాల్వు చుట్టూ సమంగా ఆనుతోందన్నమాట. స్ప్రింగులు బిగించి పోర్టులో కిరోసిన్ పోశాడు. నేను టీ తాగి వచ్చేదాకా చుక్క దిగలేదు. గైడ్లు, వాల్వులు, సీళ్లు, కూలి కలిపి మూడువేల ఎనిమిదివందలు.

కిక్ మళ్లీ గట్టిపడింది. టాప్ స్పీడ్ పెరగలేదు, 80 దాటితే వచ్చే వణుకు అట్లాగే ఉంది. ఈ పని చేయిస్తే బండి ఎగిరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. మార్పంతా మధ్యలో తెలిసింది. టాప్ గేర్‌లో 40 నుంచి 60కి గేరు దించకుండా పోతుంది. గువ్వలచెరువులో లోడు లారీ వెనక చిక్కుకుంటే తప్ప థర్డ్‌లోనే పైదాకా. పైన ఆగి పాలకోవా కొనడం మాత్రం మానలేదు, ఆ ఖర్చు ఇందులో కలపలేదు.

గాలి ఎక్కువ పోతోంది, దానికి తగ్గ పెట్రోల్ అందడం లేదు కాబట్టి ప్లగ్ తెల్లబడింది. కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాక బిస్కెట్ రంగుకు వచ్చింది. లీటరుకు 29 ఇచ్చే బండి 34 ఇచ్చింది. ఈ మధ్య ఇథనాల్ పెట్రోల్ వచ్చాక 31 దగ్గర తిరుగుతోంది, అది సీటు తప్పని నేననుకోను.

నాకు చికాకు తెప్పించింది టాపెట్లు, అంటే కామ్‌కూ వాల్వుకూ మధ్య కాస్త సందు ఉండేలా సర్దే భాగాలు. కొత్త సీట్లు సర్దుకునే కొద్దీ వాల్వు లోపలికి దిగుతుంది, కాడ పైకి వస్తుంది, టాపెట్ బిగుస్తుంది. మిగతా చోట్ల శబ్దం వస్తే సెట్ చేస్తాం, ఇక్కడ శబ్దం తగ్గిపోతే భయపడాలి. మొదటి 500 కిలోమీటర్లకు చూపించాను గానీ, తర్వాత బద్ధకించి మూడు వేల దాకా చూడలేదు. ఒక పొద్దున కిక్ మళ్లీ మెత్తబడింది. మూత తీస్తే ఎగ్జాస్ట్ పుష్ రాడ్ (వాల్వును తెరవడానికి నెట్టే కడ్డీ) చేత్తో తిప్పితే తిరగడం లేదు, వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. సమయానికి చూశాను, లేకపోతే కొత్త వాల్వు కాలిపోయేది. ఇప్పుడు ఆయిల్ మార్చిన ప్రతిసారీ చూస్తాను.

నా బండి సీసం కలిపిన పెట్రోల్ కాలంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఆ సీసం పాత సీట్ల మీద పూతలా ఉండి అరుగుదల ఆపేది. కాబట్టి సీటు దిగిపోతుందేమోనన్న అనుమానం నాకు మొదటినుంచీ ఉంది. పోయిన నెల గాస్కెట్ దగ్గర ఆయిల్ కారుతుంటే హెడ్డు దించి భాయ్ దగ్గరికే తీసుకుపోయాను. గైడ్లలో ఆట లేదు. ఇన్‌టేక్ దాదాపు కోసినట్టే ఉంది. ఎగ్జాస్ట్ పట్టీ ఒకటిన్నర నుంచి 2కు దగ్గరగా వచ్చింది, రెండు మూడు చిన్న గుంటలు. కటర్ పెట్టమన్నాను. వద్దన్నాడు, ప్రతి కోతకూ సీటు ఇంకా లోతుకు పోతుంది, స్ప్రింగు వదులవుతుంది, ఈ గుంటలకు సన్న పేస్టు చాలని. రుద్ది, కిరోసిన్ పోసి చూసి ఇచ్చేశాడు. రెండువందలు తీసుకున్నాడు, ఈసారి కోత పడితే సీటు రింగే మార్చాలని చెప్పి పంపాడు.