ఇండోర్ స్ప్రింట్ పందేలకు రోలర్లు: నాలుగేళ్ళ వాడకం తర్వాత

సైకిలు ముందుకు కదలకుండా ఒకేచోట తొక్కే రోలర్లు రెండు పక్కపక్కన పెట్టి నడిపిన మొదటి పందెం రోజున ఎడమవైపు రోలర్ ఎక్కినవాళ్ళు వరసగా ఏడుగురు ఓడిపోయారు. అనుమానం వచ్చి, అప్పటికే తొక్కిన ఒక జతను అటూ ఇటూ మార్చి మళ్ళీ ఎక్కించాను. కుడివైపు సునాయాసంగా గెలిచిన అమ్మాయి ఈసారి ఎడమవైపు కూర్చుని, పళ్ళు బిగించి తొక్కి, రెండు సెకన్ల తేడాతో ఓడిపోయింది. దిగి ఏమీ అనలేదు. రోలర్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి నీళ్ళ సీసా తీసుకుంది. నాకు అసలు పని ఆ సాయంత్రమే మొదలైంది.

కొత్తవారికి రెండు మాటలు చెప్పాలి. రోలర్‌కు మూడు డ్రమ్ములు, అంటే తిరిగే గుండ్రటి గొట్టాలు, ఉంటాయి. వెనక చక్రం రెండు డ్రమ్ముల మధ్య కూర్చుంటుంది, ముందు చక్రం మూడోదాని మీద ఆనుతుంది, వెనక తిరిగే వేగాన్ని బెల్టు ముందుకు అందిస్తుంది. మామూలు సాధనలో తూకం నిలుపుకుంటూ తొక్కాలి. స్ప్రింట్ పందెంలో మాత్రం ముందు చక్రం తీసేసి, దాన్ని పట్టుకునే ఫోర్కును ఒక స్టాండుకు బిగిస్తారు. అప్పుడు ముందు డ్రమ్ముకూ బెల్టుకూ పని ఉండదు. డ్రమ్ము ఎన్ని చుట్లు తిరిగిందో సెన్సర్ లెక్కపెడుతుంది, ఆ లెక్కను కంప్యూటర్ మీటర్లలోకి మార్చి తెర మీద చూపిస్తుంది. 250 లేదా 500 మీటర్లు ఎవరు ముందు పూర్తి చేస్తే వాళ్ళది గెలుపు. ఆట పాతదే. 1899 జూన్ 30న రైలు వెనక మైలు దూరాన్ని 57.8 సెకన్లలో తొక్కిన చార్లెస్ మర్ఫీ, అదే ఏడాది ప్రపంచ ఛాంపియన్ అయిన మేజర్ టేలర్ నాటక వేదికల మీద రోలర్లపై పోటీపడ్డారు.

కొనేటప్పుడు అందరూ ముందుగా అడిగేది డ్రమ్ము వ్యాసం గురించి. అడగవలసిందే. డ్రమ్ము చిన్నదయ్యే కొద్దీ టైరులోకి లోతుగా దిగుతుంది, తొక్కుడు బరువవుతుంది. క్రైట్లర్ సంస్థ 4.5, 3, 2.25 అంగుళాల డ్రమ్ములతో రోలర్లు చేయడంలోని ఉద్దేశం ఇదే. వీటిలో మొదటి రెండు రకాలూ నేను వాడాను. 4.5 అంగుళాల డ్రమ్ముల మీద గాలి నిరోధం ఎలాగూ ఉండదు, రాపిడి కూడా తక్కువ, కనుక పందెం కాళ్ళ వేగానిది అవుతుంది. ఎవరు నిమిషానికి ఎక్కువ చుట్లు తిప్పితే వాళ్ళు గెలుస్తారు. మూడంగుళాల డ్రమ్ముల మీద తొడల బలానికి విలువ పెరుగుతుంది, కానీ టైరు త్వరగా వేడెక్కుతుంది, మొదటిసారి ఎక్కినవాళ్ళు సగం దూరంలోనే డీలా పడతారు. రకరకాల మనుషులు ఎక్కే పందేలకు నా ఓటు పెద్ద డ్రమ్ములకే.

డ్రమ్ము దేనితో చేశారన్నది కూడా చూసుకోవాలి. నా మొదటి సెట్టు ప్లాస్టిక్‌ది. నెమ్మది సాధనలో దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. గంటకు 50 కిలోమీటర్లు దాటగానే ఒక డ్రమ్ము వణకడం మొదలుపెట్టేది. ఆ వణుకు సీటులోంచి వెన్నులోకి పాకేది. సుద్దముక్కను స్టాండుకు ఆనించి, తిరుగుతున్న డ్రమ్ముకు మెల్లగా దగ్గరికి తెచ్చి చూశాను. చుట్టూ గీత పడాలి, కానీ ఒకవైపే పడింది. డ్రమ్ము గుండ్రంగా లేదన్నమాట. 4.5 అంగుళాల డ్రమ్ము 60 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 2,700కు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో కంటికి ఆనని వంకర కూడా నడుముకు తెలుస్తుంది. ఆ సెట్టు తీసేసి అల్యూమినియం డ్రమ్ములవి తెచ్చుకున్నాను. బరువెక్కువే, శబ్దం మరో రకంగా ఉంటుంది, కానీ వేడిని త్వరగా వదిలేస్తాయి, ఇప్పటిదాకా సుద్దగీత చుట్టూ సమంగానే పడుతోంది. మధ్యలో సన్నబడి అంచుల వైపు లావెక్కే డ్రమ్ములు చక్రాన్ని నడిమికి లాగుతాయి, కొత్తవాళ్ళ సాధనకు చాలా మంచివి. ఫోర్కు బిగించే పందేనికి వాటితో ప్రత్యేక లాభమేమీ లేదు. పైగా డ్రమ్ము మీద చక్రం ఎక్కడ ఆనిందో దాన్ని బట్టి చుట్టుకొలత మారుతుంది, లెక్క తప్పుతుంది.

ఇక ఆ ఎడమవైపు సంగతి. ఒకే సైకిలు, ఒకే మనిషి, ఒకే గాలి ఒత్తిడి. తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూ ఉండే ఫ్రీవీల్ సైకిలుతో 40 కిలోమీటర్ల వేగం అందుకుని తొక్కడం ఆపేశాను, చక్రం ఆగేదాకా స్నేహితుడు గడియారం పట్టుకున్నాడు. కుడివైపు నాలుగున్నర సెకన్లు వచ్చింది. ఎడమవైపు మూడున్నర కూడా రాలేదు. అయిదేసిసార్లు చేశాం, ఫలితం మారలేదు. బేరింగులు విప్పి, కడిగి, పలచటి నూనె వేశాను. కొద్దిగా మెరుగుపడిందే తప్ప తేడా పోలేదు. చివరికి వడ్రంగులు తలుపు చట్రానికి చేసే పరీక్ష చేశాను. వెనక రెండు డ్రమ్ముల ఇరుసుల మూలలను పట్టుకుని టేపుతో ఐమూలగా కొలిచాను. రెండు కొలతలకూ ఆరు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. చట్రం మెలి తిరిగి ఉంది. డ్రమ్ములు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోవడంతో టైరు దొర్లడంతో పాటు పక్కకు ఒరుసుకుంటూ కూడా పోతోంది. బోల్టులు వదులు చేసి, ఐమూలలు సరిపోయేదాకా జరిపి, మళ్ళీ బిగించాను. రెండు వైపులా నాలుగున్నర వచ్చింది.

మరుసటి వారం ఆ అమ్మాయిని పిలిచి అదే జతతో మళ్ళీ తొక్కించాను. రెండు వైపులా తనే గెలిచింది. ఒకసారి సెకనులో మూడో వంతు తేడాతో, ఒకసారి అంతకన్నా తక్కువతో. నాలుగేళ్ళలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన సాయంత్రం అదే.

అందుకే కొనేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది, రెండు సెట్లూ ఒకేసారి, ఒకే నమూనావి కొనండి. ఒకటి కొత్తది, ఒకటి ఎవరో వాడినది అయితే ఎంత సవరించినా ఏదో ఒక మూల తేడా మిగులుతుంది. ఒక్కోటి విడిగా ఎంత మంచిదన్నది పందేనికి రెండో విషయం, రెండూ ఒకేలా ఉండడం మొదటిది. టైర్లకూ ఇదే వర్తిస్తుంది. రెండు సైకిళ్ళకూ ఒకే రకం, ఒకే వెడల్పు, గీతలు లేని నున్నటి టైర్లు వేసి, ప్రతి పందేనికి ముందు పంపు మీటరుతో ఒత్తిడి చూడాలి. చేత్తో నొక్కి చూసి సరిపోయిందనుకోవడం చాలదు.

సెన్సర్ విషయంలో నేను రెండు తప్పులు చేశాను. సెన్సర్ తన ముందు నుంచి పోయిన ప్రతిసారీ లెక్కపెట్టే అయస్కాంతాన్ని మొదట చక్రం పుల్లలకు కట్టాను. ఆగి ఉన్న స్థితి నుంచి ఒక్కసారిగా తొక్కినప్పుడు టైరు డ్రమ్ము మీద జారుతుంది, ఆ జారుడు కూడా దూరంగా లెక్కకొచ్చేసింది. బలంగా కుదిపినవాడికి ఊరికే మీటర్లు దక్కాయి. అయస్కాంతం ఉండవలసింది డ్రమ్ము మీదే. అదీ రెండు వెనక డ్రమ్ములలో ముందువైపున్న దాని మీద, ఎందుకంటే గట్టిగా తొక్కినప్పుడు చక్రం ముందుకు ఒత్తుకుని దాని మీదే ఎక్కువ ఆనుతుంది. నా అనుభవంలో లెక్క తక్కువ తప్పేది అక్కడే. రెండో తప్పు జిగురు. అయస్కాంతాన్ని డ్రమ్ము పక్కభాగానికి మామూలు జిగురుతో అంటించాను. ఒక సాయంత్రం పందెం నడుస్తుండగా అది ఊడి గోడకు తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ ఆ చప్పుడు ఇంకా గుర్తుంది. ఇప్పుడు చిన్న గుంట తొలిచి, అందులో అయస్కాంతాన్ని దించి, పైన ఎపాక్సీ అనే గట్టి జిగురు పోస్తాను. సెన్సర్ హాల్ రకంది, అంటే కదిలే భాగాలు లేకుండా అయస్కాంతాన్ని పసిగట్టేది, తీసుకోండి. సైకిలు మీటర్లలో ఉండే రీడ్ స్విచ్చి, అయస్కాంతం దగ్గరికి రాగానే రెండు సన్నటి రేకులు కలిసే రకం, ఈ వేగంలో కొన్ని చుట్లు వదిలేస్తుంది, కొన్నిటిని రెండుసార్లు లెక్కపెడుతుంది. లెక్కకు ఓపెన్‌స్ప్రింట్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆర్డ్యుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో పని జరిగిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో డ్రమ్ము చుట్టుకొలత ఇవ్వాలి. 4.5 అంగుళాలంటే లెక్క ప్రకారం 359 మిల్లీమీటర్లు. పెట్టె మీది అంకెను నమ్మకుండా సన్నటి కాగితపు పట్టీని చుట్టి కొలవండి. ఒక మిల్లీమీటరు తప్పితే 500 మీటర్లలో దాదాపు 1.4 మీటర్లు తప్పుతుంది. రెండు వైపులా అదే తప్పయితే పందెం చెడదు. ఒకవైపే తప్పితే చెడుతుంది.

ఫోర్కు స్టాండు గురించి చాలామంది ఆలోచించరు, కానీ సగం సమస్యలు అక్కడివే. ముందు చక్రం ఉన్నప్పుడు ఇరుసు ఎంత ఎత్తులో ఉంటుందో స్టాండు కూడా అంతే ఎత్తు ఉండాలి. ముందుకూ వెనక్కూ జరిపే వీలు తప్పనిసరి. వెనక చక్రం రెండు డ్రమ్ముల నడిమధ్య కూర్చునేలా జరిపి బిగించాలి. నేను ఉక్కు ఫోర్కులున్న సైకిళ్ళే వాడతాను. స్ప్రింట్‌లో మనిషి పక్కలకు ఊగే ఊపుకు కార్బన్ ఫోర్కును బిగించి పెట్టడం నాకు ఇష్టం లేదు. స్టాండు కింద రబ్బరు పరుపు వేయండి. నేల కాపాడబడుతుంది, స్టాండు కూడా జరగకుండా నిలుస్తుంది.

గేరు రెండు సైకిళ్ళకూ ఒకటే. ముందు 48, వెనక 16 పళ్ళతో మొదలుపెట్టాను, ఇప్పటికీ మార్చలేదు. పెడళ్ళను నిమిషానికి 160 చుట్లు తిప్పితే వేగం దాదాపు 60 కిలోమీటర్లు. ఫిక్స్‌డ్ గేరు వాడేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. గీత దాటగానే కాళ్ళు ఆపేయాలనిపిస్తుంది, కానీ పెడల్ ఆగదు, మోకాలిని లాక్కుపోతుంది. ఎక్కే ప్రతి మనిషికీ ముందే చెప్పండి, వెనక చక్రానికి బ్రేకు కూడా పెట్టండి. చైను దగ్గరికీ డ్రమ్ముల దగ్గరికీ పిల్లలు రాకుండా చూడండి. ఈ విషయంలో నేను ఎవరి దగ్గరా మొహమాటపడను.

పోషణ ఎక్కువ లేదు. టైరు రబ్బరు నల్లటి పొడిగా డ్రమ్ముకు పడుతుంది, అది పేరుకుంటే జారుడు పెరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పందెం ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి తుడుస్తాను. ఆరేసి నెలలకు ఐమూలలు కొలుస్తాను, ఏడాదికోసారి ఆ 40 కిలోమీటర్ల పరీక్ష చేస్తాను. కిందటి వారం కుడివైపు డ్రమ్ములో సన్నటి గరగర మొదలైంది. వచ్చే పందేనికి ముందు రెండు వైపులా బేరింగులు కలిపే మారుస్తాను.