ఉరా, చచ్చేదాకా జైలా? మా ఇంట్లో రెండు పార్టీలు

చిత్తూరు మేయర్ కఠారి అనురాధని, ఆమె భర్తని 2015 నవంబర్‌లో కార్పొరేషన్ ఆఫీసులోనే చంపేసినారు గదా, 2025 అక్టోబర్‌లో ఐదుగురికి ఉరి అని కోర్టు చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో ఇదే రచ్చ. చిన్నాయన ఉరే కరెక్ట్ అంటాడు, మాయమ్మేమో జైల్లోనే కుళ్లిపోవాల అంటాది.

ఉరి అంటే జనాలకి కసి తీరతాది, సరే. కానీ కింది కోర్టు చెప్తే అయిపోదు, హైకోర్టు ఖాయం చేయాల, ఆపైన సుప్రీంకోర్టు, ఆనక క్షమాభిక్ష, అన్నేళ్లూ చచ్చిపోయినోళ్ల ఇంటోళ్లు కూడా కోర్టుల చుట్టూ తిరగతానే ఉండాల. నిర్భయ కేసు 2012ది, ఉరి తీసింది 2020 మార్చిలో. చిలకలూరిపేట బస్సు దహనం కేసులో అయితే ఉరి పడినోళ్లకి చివరికి రాష్ట్రపతి యావజ్జీవంగా మార్చేసినారు.

యావజ్జీవమంటే పద్నాలుగేళ్లకి బయటికొచ్చేస్తారని చిన్నాయన భయం, అది ఉత్త భయమేం కాదులే. అయితే రెమిషన్ (శిక్ష తగ్గింపు) లేకుండా బతికున్నన్నాళ్లూ జైలే అని 2008లో సుప్రీంకోర్టే ఒక కేసులో వేసింది, ఆ దారి ఉండాది. పైగా తప్పు మనిషికి పడిందని తర్వాత తెలిస్తే జైల్నుంచి తెచ్చుకోవచ్చు, ఉరి తీసినాక ఏం తెస్తాం? నా ఓటు మాయమ్మకే, చిన్నాయన మాత్రం ఇంకా ఒప్పుకోలా.