ముసురు రోజుల్లో మా ఎక్స్ఛేంజ్ ఏసీ

చల్లబరచడం ఏ ఏసీ అయినా చేస్తుంది. మా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లోని ప్రెసిషన్ ఏసీ (చల్లదనంతో పాటు తేమనూ అదుపులో ఉంచే రకం) నాకు నచ్చింది మాత్రం తేమ విషయంలోనే. మాది కృష్ణా జిల్లా తీరం. వానాకాలమొస్తే గోడలు కూడా చెమరుస్తాయి.

ఫోన్ కాల్స్ కలిపే పాత పెద్ద స్విచ్ తీసేసి చిన్న ర్యాకులు పెట్టాక గదిలో వేడి బాగా తగ్గింది. దాంతో అప్పటి స్ప్లిట్ ఏసీలు కాసేపు తిరిగి, 24 డిగ్రీలు రాగానే కంప్రెసర్ ఆపేసేవి. కంప్రెసర్ ఆగితే ఇక తేమ తగ్గేదేముంది? గది చల్లగానే ఉండేది, ఎండీఎఫ్ ట్యాగులకు, అంటే బయటి ఫోన్ తీగలు వచ్చి కలిసే చట్రంలోని లోహపు కొనలకు, పచ్చగా చిలుము పట్టేది. ఇది అలా కాదు. తేమ ఎక్కువుంటే గది చల్లబడినా కంప్రెసర్ నడుపుతుంది, కాయిల్ మీద నీళ్లు పిండేస్తుంది, మరీ చల్లబడిన గాలిని హీటర్ మీదుగా వెచ్చబరిచి వదులుతుంది. బయట కుండపోత పడుతున్నా లోపల తేమ మీటరు 55 శాతం దగ్గరే ఉంటుంది.

ఒక్కసారి మాత్రం చుక్కలు చూపించింది. సర్వీసుకొచ్చిన కాంట్రాక్టరు మనుషులు పగిలిన డ్రెయిన్ పైపు మార్చి వెళ్లారు. తర్వాత ముసురు పట్టగానే ఫాల్స్ ఫ్లోర్ (కేబుళ్ల కోసం నేలకు కాస్త ఎత్తులో వేసిన పలకలు) కింద నీళ్లు. పైపులో పాచి పట్టిందేమోనని ఊది చూశాం, శుభ్రంగానే ఉంది. బ్లోయర్ ఆపితే నీళ్లు బుడబుడా బయటికొచ్చేవి, వేస్తే ఆగిపోయేవి. పైపు చివర వేలు పెడితే లోపలికి లాగుతోంది! పాత పైపుకున్న యూ వంపు తీసేసి తిన్నగా వేశారు. ఆ వంపులో నిలిచే నీళ్లే గాలిని అడ్డుకుంటాయి. అది లేకపోతే బ్లోయర్ డ్రెయిన్ గుండా గాలి పీల్చి నీటిని ట్రేలోనే ఆపేస్తుంది. లీక్ సెన్సర్ మోగలేదు. దాన్ని తలుపు దగ్గర బిగించారు, నేల వాలేమో కేబుళ్ల వైపు. యూ వంపు పెట్టించాక మళ్లీ చుక్క పడలేదు.

పైన 55 శాతం అన్నాను కదా, అది కరెంటు ఉన్నప్పటి మాట. జనరేటర్ మీద హీటర్లు పనిచేయకుండా కట్టేశారు, మా సెట్ అంత లోడు లాగలేదు. అంటే తుఫానుకు కరెంటు పోయి, తేమ బాగా ఎక్కువగా ఉన్నప్పుడే ఇది మామూలు ఏసీ అయిపోతుంది.

ఒకేసారి చల్లబరిచి, వెచ్చబరిచే యంత్రం కరెంటు బాగానే తాగుతుంది. బిల్లు కట్టేది నేను కాదు కాబట్టి ఇంతగా మెచ్చుకుంటున్నానేమో. అనంతపురం లాంటి పొడి ఊళ్లో అయితే ఈ హీటర్ల కోసం అదనంగా డబ్బు పెట్టమని చెప్పను. అక్కడ వేసవిలో పనికొచ్చేది గాలికి తేమ చేర్చే హ్యుమిడిఫైయర్, మేం మాత్రం దాన్ని ఎప్పుడో ఆపేశాం.