బరంపురం ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్: పగలు భేష్, రాత్రి మారాలి

పర్లాకిమిడిలో అమ్మ కాలు జారి పడి తుంటి ఎముక విరిగితే బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. డాక్టర్లు, బిల్లు సంగతి పక్కన పెడితే, ఇది పూర్తిగా నర్సుల గురించి.

అమ్మకు షుగర్, ఇన్సులిన్ వాడుతుంది. ఆ రోజు కార్తీక సోమవారం. పగటి డ్యూటీ సిస్టర్ ఒడియా ఆవిడ, తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది. సిరంజి ట్రేతో వచ్చి, సూది వేసే ముందు "మావుసీ, ఇవాళ సోమవారం కదా, ఏమన్నా తిన్నారా?" అని అడిగింది. నక్షత్రం కనిపించేదాకా తిననంది అమ్మ. మాకు ఒక్క ముక్క చెప్పలేదు, ఇడ్లీ డబ్బా దిండు పక్కన మూత తీయకుండా అలాగే ఉంది! సిస్టర్ కసురుకోలేదు. వాళ్ల ఇంట్లోనూ కార్తీకంలో హబిస (ఒక్కపూటే తినే ఒడియావాళ్ల వ్రతం) చేస్తారట, ఆ పట్టుదల ఆవిడకు తెలుసు. వేలికి గుచ్చి చూస్తే 82. ఇన్సులిన్ ఆపి, డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు మోతాదు మార్చి, ఉపవాసంలో చెల్లుతాయి కదా అని నచ్చజెప్పి పాలు, అరటిపండు తినిపించింది. ఖాళీ కడుపు మీద పాత మోతాదు పడి ఉంటే షుగర్ 70 కన్నా దిగిపోయి చెమటలు, వణుకు, ముదిరితే స్పృహ తప్పడం దాకా వెళ్లేది.

దీన్ని కల్చరల్ ఇంటెలిజెన్స్ అంటారు. 2003లో ఎర్లీ, ఆంగ్ అనే పరిశోధకులు మేనేజ్‌మెంట్ రంగంలో పుస్తకంగా తెచ్చిన ఈ ఆలోచన తర్వాత నర్సింగ్‌లోకీ వచ్చింది. ఎదుటివాళ్ల ఆచారం తెలిసి ఉండాలి, తెలుసుకోవాలనే ఆసక్తి ఉండాలి, మన ఊహ సరైనదో కాదో చూసుకోవాలి, తగ్గట్టు నడుచుకోవాలి. చాలామంది దీన్ని మర్యాద ఖాతాలో వేసేస్తారు, నేను మాత్రం ఒప్పుకోను. ఆ ప్రశ్న అడగడం కూడా సూది సరిగ్గా వేయడం లాంటి పనితనమే.

ఇక రాత్రి సంగతి. పక్క మంచం మీద కొండల్లోని గుమ్మ వైపు నుంచి వచ్చిన సవర గిరిజన ఆవిడ, ఒడియా అంతంత మాత్రమే వచ్చు. వార్డంతటికీ ఒక్కరే ఉన్న నైట్ సిస్టర్, ఆవిడ నెలసరి గురించి పన్నెండేళ్ల కొడుకు చేత అడిగించింది, అదీ అందరికీ వినపడేలా. పిల్లాడు తల దించుకున్నాడు, తల్లి ఏమీ లేదంది, ఫైల్లో అదే రాసేశారు. నాకు చాలా కోపం వచ్చింది. పొద్దున మా సిస్టర్ సవర భాష వచ్చిన ఆయాను పిలిపించి, కర్టెన్ లాగి మళ్లీ అడిగితే రక్తస్రావం సంగతి బయటపడింది.

డిశ్చార్జి రోజు మందుల చీటీ అంతా ఇంగ్లీషులోనే. ఈ సిస్టర్ కవర్ల మీద సూర్యుడు, చంద్రుడు గీసి, "ఇప్పుడు మీరు చెప్పండి మావుసీ, ఏది ఎప్పుడు?" అని అమ్మ సరిగ్గా చెప్పేదాకా వదల్లేదు.

పగటి నర్సింగ్‌కు 5కి 5, రాత్రికి 2. యాజమాన్యం రాత్రి డ్యూటీలోనూ సవర వచ్చిన మనిషిని పెట్టాలి. అప్పటిదాకా కొండ ఊళ్ల నుంచి ఆడవాళ్లను చేర్చేవాళ్లు, పిల్లల్ని కాకుండా, సవర, ఒడియా రెండూ వచ్చిన పెద్ద ఆడమనిషిని రాత్రికి తోడు ఉంచండి.